ఓరుగల్లు బందీ... ఢిల్లీ వజీరు!

ఢిల్లీలో నిజాముద్దీన్ దర్గా దగ్గర ఇరుకు సందుల్లో ఎనిమిది మూలల పాత సమాధి ఒకటుంది. దర్గాకు పోయే జనంలో దాని దాకా నడిచేవాళ్లు తక్కువ. అందులో ఉన్నది ఒక తెలుగువాడంటే నమ్ముతారా? పేరు ఖాన్-ఇ-జహాన్ మక్బూల్ తిలంగాణీ. 1351 నుంచి కన్నుమూసేదాకా, సుమారు 17 ఏళ్లు, సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరు. అంటే ప్రధానమంత్రి అన్నమాట. తిలంగాణీ అంటే తెలుగుదేశం నుంచి వచ్చినవాడని. మరి పుట్టినప్పుడు పెట్టిన పేరో? గన్నయ. గన్నమనాయకుడు అని కూడా అంటారు.

బి.ఏ.లో చరిత్ర చదివిన నాకు ఈయన పాఠ్యపుస్తకంలో ఒకే ఒక్క వాక్యంగా తగిలాడు. తరవాత పెళ్లి, పిల్లలు, వంటిల్లు, మధ్యలో తీరిక దొరికితే కథలు... అయినా ఆ వాక్యం నన్ను వదల్లేదు. అందుకు కారణం ఆయన ఎంత ఎత్తుకు ఎదిగాడన్నది కాదు. ఆయన ముద్ర. కాగితాల మీద తన ముద్ర వేసేటప్పుడు ఆయన మక్బూల్ అని ఊరుకునేవాడు కాదు, మహమ్మద్ తుగ్లక్ బానిస అని కూడా చేర్చేవాడట. ఆ కాలపు చరిత్ర రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్ ఈ సంగతి రాసిపెట్టాడు. ఒక రాజ్యానికి సేనానిగా బతికిన మనిషి తన పేరు పక్కన ఆ మాట ప్రతిరోజూ ఎట్లా వేసుకోగలిగాడు? నాకు ఈ కథ మొదలైంది అక్కడే.

గన్నయ తండ్రి పేరు నాగయ. కొలువు ఓరుగల్లులో, కాకతి ప్రతాపరుద్రుడి దగ్గర. రుద్రమదేవి మనవడే ప్రతాపరుద్రుడు. మా కర్నూలు సీమ కూడా ఆనాడు కాకతీయుల ఏలుబడిలోదే. గన్నయ వట్టి కత్తి పట్టే మనిషి కాదు. తిక్కన గారి శిష్యుడు మారన మార్కండేయ పురాణాన్ని తెలుగు చేసి, ఈ గన్నయకే అంకితమిచ్చాడు. సంస్కృత పురాణం మొత్తంగా తెలుగులోకి రావడం అదే మొదలు. రెండు వందల ఏళ్ల తరవాత అల్లసాని పెద్దన మనుచరిత్ర రాయడానికి కథ తీసుకున్నది దాంట్లోంచే.

ఆ పురాణంలో ఇంకో కథ కూడా ఉంది. మనందరికీ తెలిసిందే, హరిశ్చంద్రుడి కథ. మా బేతంచెర్ల చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్లకు సత్యహరిశ్చంద్ర నాటకం ఆడితే కాటి సీను అయ్యేసరికి తెల్లవారేది. మగవాళ్లు హరిశ్చంద్రుడి పద్యాలకు వన్స్‌మోర్ కొట్టేవాళ్లు. మా అవ్వ లాంటి వాళ్లకు మాత్రం ఏడుపు ముందే, కాశీ వీధిలో చంద్రమతిని అమ్మే చోటే వచ్చేది. రాణి నెత్తిన గడ్డి పెట్టుకుని అంగట్లో నిలబడుతుంది, వెంట చిన్న పిల్లవాడు. కొనుక్కున్న ఇంట్లో నీళ్లు మోయాలి, దంచాలి, చాకిరి చెయ్యాలి. అప్పు ఋషిది, మాట రాజుది, అమ్ముడుపోయింది మాత్రం ముందు ఆమె! ఈ కథ ఉన్న గ్రంథాన్ని అంకితం తీసుకున్న మనిషికే రేపు అదే గతి పడుతుందని ఓరుగల్లులో ఎవరు అనుకుని ఉంటారు?

ఢిల్లీ సేనలు ఓరుగల్లు మీదికి రావడం అప్పటికి కొత్త కాదు. 1310లో వచ్చి కోటను చుట్టుముట్టి, కప్పం పట్టుకుపోయిన మాలిక్ కాఫూర్ స్వయంగా ఒక బానిస. వెయ్యి దీనార్లకు కొన్నారని ఆయనకు హజార్ దీనారీ అనే పేరు కూడా ఉంది. చివరి దెబ్బ 1323లో పడింది. తుగ్లక్ యువరాజు ఉలుగ్ ఖాన్ (తరవాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యింది ఇతనే) నెలల తరబడి ముట్టడి వేశాడు. కోటలో తిండిగింజలు అయిపోయాయి. ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. ఆయన్ను, ఆయన మనుషుల్ని బందీలుగా ఢిల్లీకి నడిపించారు. నర్మదా తీరం దాకా వెళ్లేసరికి రాజు ప్రాణం పోయింది. మన దేశపు శాసనాల్లో ఒకటి ఆ సంగతి చెప్తోంది. ఇంకొక శాసనాన్ని బట్టి ఆయన తన ప్రాణం తనే తీసుకున్నాడు.

గన్నయ మాత్రం ఢిల్లీ చేరాడు. ఆ తరవాత ఇస్లాం స్వీకరించాడు. మక్బూల్ అని కొత్త పేరు. ఒప్పుకోబడినవాడు అని ఆ మాటకు అర్థం. పేరులోనే ఎంత కథ ఉందో చూడండి! ఎవరో ఒప్పుకుంటే తప్ప ఇక ఆ మనిషికి ఉనికి లేదు. బానిసలకు పేరు మార్చడం అన్ని దేశాల్లోనూ ఉన్న పద్ధతే. పాతకాలపు రోమన్లు విడుదలైన బానిసకు యజమాని ఇంటిపేరు తగిలించేవాళ్లు. సిసిరో అనే గొప్ప వక్త దగ్గర రాతకోతలు చూసిన టైరో అనే బానిస, స్వేచ్ఛ పొందాక మార్కస్ టులియస్ టైరో అయ్యాడు. మొదటి రెండూ యజమానివే. అత్తగారింట్లో కొత్త కోడలికి పేరు మార్చే ఆనవాయితీ మన దగ్గర కొన్ని ఇళ్లలో ఉండేది. అదీ ఇదీ ఒకటని అనను గానీ, ఆ పేరుతో పిలిచినప్పుడు మొదట్లో పలకబుద్ధి కాదని అట్లాంటి ఆడవాళ్లు చెప్పగా విన్నాను.

ఒకటి మాత్రం నిజం. మక్బూల్‌ను ఎవరూ అంగట్లో పెట్టి అమ్మలేదు. ఆయన యుద్ధంలో చిక్కిన బందీ, పైగా పెద్ద హోదా ఉన్నవాడు. ఢిల్లీలో బానిస అన్న మాటకు ఉన్న అర్థం కూడా విచిత్రమే. ఢిల్లీ గద్దె మీద మొదట కూర్చున్న కుతుబుద్దీన్ ఐబక్, తరవాతి ఇల్‌టుట్‌మిష్ ఇద్దరూ బానిసలుగా అమ్ముడుపోయినవాళ్లే. రజియా సుల్తానా అట్లాంటి ఒక బానిస కూతురే. సుల్తానుకు బానిసనని చెప్పుకోవడం దర్బారులో చిన్నతనం కాదు, దగ్గరితనం. ఆ మూడక్షరాల వెనక మక్బూల్ తన తల దాచుకున్నాడనే నాకనిపిస్తుంది.

మరి ఓరుగల్లు లాంటి కోటలు పడ్డప్పుడు అదే దారిన నడిచిన ఆడవాళ్ల సంగతి? ఢిల్లీ అంగట్లో వాళ్ల ధర ఎంతో చరిత్రలో ఉంది. అంతకు కొన్నేళ్ల ముందు అల్లావుద్దీన్ ఖిల్జీ బజారులో ప్రతిదానికీ రేటు కట్టాడు. బియ్యానికీ, బట్టకూ, గుర్రానికీ, మనిషికీ. బరనీ అనే చరిత్రకారుడు ఆ రేట్లు రాసిపెట్టాడు. ఇంటి చాకిరికి పనికొచ్చే దాసికి 5 నుంచి 12 టంకాలు. ఉంపుడుకత్తెగా పనికొస్తుందనుకుంటే 20 నుంచి 40. పాడి బర్రెకు 10 నుంచి 12. పాడి ఆవుకు 3 నుంచి 4. పశువుల సంతలో బర్రె బేరం చూసినవాళ్లకు ఈ అంకెలు ఎట్లా ఉంటాయో వేరే చెప్పనక్కర్లేదు. పళ్లు చూస్తారు, పొదుగు చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. రోములో అమ్మకానికి పెట్టిన మనిషి మెడలో పలక వేలాడదీసేవాళ్లు. ఏ ఊరు, ఏం రోగం, పారిపోయే అలవాటుందా అని అందులో రాసి ఉండేది. సముద్రం దాటి కొత్తగా వచ్చిన బానిస పాదాలకు సుద్ద పూసేవాళ్లు, కొనేవాళ్లకు గుర్తుగా.

మహమ్మద్ తుగ్లక్ కాలంలో ఢిల్లీకి వచ్చిన ఇబన్ బటూటా అనే యాత్రికుడు ఇంకా రాశాడు. యుద్ధాల్లో పట్టుకొచ్చిన పల్లెటూరి ఆడవాళ్లు ఢిల్లీలో చాలా చవక. నగరపు పద్ధతులు తెలియవని వాళ్లకు ధర ఉండేది కాదు. పండగనాడు దర్బారులో ఓడిపోయిన రాజుల కూతుళ్లతో ఆడించి పాడించి, ఆ తరవాత వాళ్లను అమీర్లకు పంచిపెట్టేవాళ్లు. నిన్నటిదాకా ఏ అంతఃపురంలోనో సంగీతం నేర్చుకున్న పిల్ల, పండగ బహుమానం! ఆ యాత్రికుడికి కూడా బందీ ఆడపిల్లలు బహుమతిగా వచ్చారు. ఆయన దాన్ని ఏ సంకోచమూ లేకుండా రాసుకున్నాడు. పేర్లు రాయలేదు. బరనీ రాయలేదు, అఫీఫ్ రాయలేదు. వాళ్ల పుస్తకాల్లో గుర్రాలకు జాతులు రాశారు గానీ, ఈ ఆడవాళ్లకు ధర తప్ప వేరే వివరం లేదు.

మక్బూల్‌కు మాత్రం మహమ్మద్ తుగ్లక్ బిరుదులిచ్చాడు. ఖివామ్-ఉల్-ముల్క్ అన్నాడు. ముల్తాన్ ప్రాంతాన్ని చేతిలో పెట్టాడు. కృష్ణ, గోదావరి నీళ్లు తాగిన మనిషి సింధు మైదానాల్లో పన్నులు వసూలు చేశాడు. ఇక్కడ అఫీఫ్ మాట ఒకటి నాకు కొంచెం గుచ్చుకుంది. మక్బూల్‌కు చదువు రాదు, రాత రాదు, అయినా గొప్ప తెలివైనవాడు అని ఆయన రాశాడు. మార్కండేయ పురాణం అంకితం తీసుకున్నవాడికి చదువు రాకపోవడమేమిటి? రానిది పారశీకం అయి ఉండాలి. దర్బారు భాష రాకపోతే ఆ మనిషి నిరక్షరాస్యుడి కిందే జమ! ఈ బాధ కొత్త ఊళ్లకు కాపురానికి పోయిన ఆడవాళ్లకు బాగా తెలుసు. తెలుగులో చక్కగా చదువుకున్న పిల్ల బొంబాయిలో రేషన్ షాపు ముందు నోరు మెదపలేక నిలబడితే, అక్కడివాళ్ల కంటికి ఆమెకు ఏమీ రాదు.

తరవాత విధి ఆయన్ను మళ్లీ ఓరుగల్లుకే తెచ్చింది. అప్పటికి ఆ ఊరి పేరు సుల్తాన్‌పూర్. ఒకప్పుడు కాపాడిన కోటలోకి ఇప్పుడు ఢిల్లీ అధికారిగా రావడం! ఎక్కువ రోజులు సాగలేదు. ముసునూరి కాపయనాయకుడు తెలుగు నాయకులను కూడగట్టుకుని 1336 ప్రాంతంలో తిరగబడ్డాడు. మక్బూల్ ఊరు విడిచి ఢిల్లీకి తప్పించుకుపోయాడు. తెలుగువాళ్లు తరిమేసిన తెలుగువాడు అన్నమాట. ఆయన్ను ద్రోహి అనేవాళ్లున్నారు. నేను అంత తొందరపడను. సంకెళ్లతో ఊరు దాటిన మనిషికి ఊరితో ఏ బంధం మిగిలిందో బయట నిలబడి మనం కొలవగలమా? అయినా ఓరుగల్లు తోరణాల కింద నుంచి రెండోసారి బయటికి పోతున్నప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూసి ఉంటాడనే కథలు రాసే నా మనసు అంటుంది.

1351లో మహమ్మద్ తుగ్లక్ సింధులో థట్టా దగ్గర చనిపోయాడు. అక్కడున్న సైన్యం ఫిరోజ్‌ను సుల్తానుగా ఎన్నుకుంది. ఢిల్లీలో ఉన్న ముసలి వజీరు ఖ్వాజా జహాన్ ఏవో పుకార్లు నమ్మి ఒక చిన్న పిల్లవాణ్ణి గద్దెనెక్కించాడు. మక్బూల్ గాలి ఎటు వీస్తోందో గమనించాడు. ఢిల్లీ నుంచి జారుకుని ఫిరోజ్ పక్షం చేరాడు. ముసలి వజీరు చివరికి ప్రాణం పోగొట్టుకుంటే, ఆ పదవి ఖాన్-ఇ-జహాన్ అనే బిరుదుతో పాటు మక్బూల్‌కు దక్కింది.

ఫిరోజ్ షా కట్టడాలంటే, వేటంటే ఇష్టపడే మనిషి. బెంగాల్‌కు పోయినా, ఒరిస్సాకు పోయినా నెలలు, ఏళ్లు రాజధానిలో ఉండేవాడు కాదు. ఇల్లు చూసుకోవడం మక్బూల్ పని. అసలు ఢిల్లీ సుల్తాను ఖాన్-ఇ-జహానే అని ఫిరోజ్ తనే అనేవాడట. 1365-67 మధ్య థట్టా మీదికి పోయిన సైన్యం తిరిగి వస్తూ కచ్ ఉప్పు నేలల్లో దారి తప్పింది. మంచినీళ్లు లేవు, తిండి లేదు. ఆరు నెలలు ఢిల్లీకి కబురు లేదు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు సైన్యంలో ఉన్నవాళ్లే, ఊరంతా ఏడుపు. అప్పుడు మక్బూల్ ఏం చేశాడో తెలుసా? రోజూ ఊరేగింపుగా వీధుల్లో తిరిగాడు, అధికారం చెక్కు చెదరలేదని అందరికీ కనబడేట్టు. ఎంతకీ కబురు రాకపోయేసరికి, సుల్తాను క్షేమమని ఒక ఉత్తరం తనే పుట్టించి ఊళ్లో చాటించాడు. ఉత్సవాలు చేయించాడు. ఊరు కుదుటపడింది. సుల్తాను నిజంగానే తిరిగొచ్చాడు! చదువు రాదన్న మనిషి పుట్టించిన ఉత్తరం ఒక రాజ్యాన్ని నిలబెట్టింది. ఈ ఒక్క సంఘటన కోసం ఆయన్ను మెచ్చుకోకుండా ఉండలేను.

జీతమా? ఏడాదికి 13 లక్షల టంకాలు. పుట్టిన ప్రతి కొడుక్కూ పోషణకు వేరుగా 11,000 టంకాలు. కొడుకులు చాలామందే ఉన్నారు, ఎందుకంటే ఆయన అంతఃపురంలో 2,000 మంది ఆడవాళ్లుండేవాళ్లట. రూమ్ దేశం నుంచి చైనా దాకా రకరకాల నేలల వాళ్లు. రూమ్ అంటే ఒకప్పుడు రోమన్ల తూర్పు రాజ్యం ఉన్న చోటు. రెండు వేలన్న అంకెలో అతిశయోక్తి ఎంతైనా ఉండనీ. పదో వంతు తీసుకున్నా 200 మంది. వాళ్లలో ఎవరు తమంతట తాము నడిచి వచ్చారు? ఒకరు యుద్ధంలో, ఒకరు అంగట్లో, ఒకరు ఏ అమీరో పంపిన కానుకలో... బందీగా నడవడమంటే ఏమిటో తెలిసిన మనిషి ఇంట్లో 2,000 మంది బందీలు! ముద్ర మీద బానిస అని వేసుకున్న చేయే కదా అది!

ఇది ఆయన ఒక్కడి గుణమని అనలేం. రోములో క్లాడియస్ చక్రవర్తి ఖజానా చూసిన పల్లాస్ ఒకప్పటి బానిసే. స్వేచ్ఛ వచ్చాక రోములో పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు. రోములో విడుదలైన బానిస నాలుగు డబ్బులు చేతిలో పడగానే చేసే పనుల్లో ఒకటి తనకొక బానిసను కొనుక్కోవడం. ధనవంతురాలైన రోమన్ ఇల్లాలికి తల దువ్వడానికి ఒక దాసి, పిల్లకు పాలివ్వడానికి ఒక దాసి. బానిసత్వం తప్పనే ఆలోచనే ఆ సమాజాల్లో చాలామందికి రాలేదు. తాము మాత్రం అందులోంచి బయటపడాలనుకునేవాళ్లు, అంతే. నేను ఆ మాటతో మక్బూల్‌ను క్షమించడం లేదు. అర్థం చేసుకోవాలని చూస్తున్నాను.

ఆయన వజీరుగా ఉన్న ఢిల్లీలో బానిసల కోసం ఒక పెద్ద శాఖే నడిచింది. వజీరు కచేరీకి సంబంధం లేకుండా దానికి వేరే అధికారులు, వేరే ఖజానా. ఫిరోజ్ షాకు బానిసలంటే మోజు. సూబాల అధికారులు దర్బారుకు వచ్చేటప్పుడు మంచి బానిసల్ని తెస్తే సంతోషించేవాడు, ఆ కానుకల విలువను వాళ్లు కట్టాల్సిన బాకీలో తగ్గించేవాడు. అట్లా పోగైన వాళ్లు 1,80,000 మంది అని అఫీఫ్ లెక్క. వాళ్లలో 40,000 మంది సుల్తాను వెంట కాపలాకు. 12,000 మందికి రకరకాల చేతిపనులు నేర్పించారు. కొందరు ఖురాన్ కంఠస్థం చేసేవాళ్లు, కొందరు పుస్తకాలకు నకళ్లు రాసేవాళ్లు, కొందరిని మక్కాకు పంపారు. అమీర్ల ఇళ్లలో ఉంచినవాళ్లను బిడ్డల్లా పెంచారని కూడా రాశాడు. తిండికీ బట్టకూ లోటు లేదు, జీతం ఉంది. ఒక్క ఇంటికి పోయే దారి మాత్రం లేదు. ఆ చేతిపనులతో, ఆ కాపలాతో ఫిరోజ్ షా కాలం వైభవమని పుస్తకాల్లో చదువుకున్నాం.

మక్బూల్ 1368-69 ప్రాంతంలో, 80 ఏళ్లు దాటిన వయసులో చనిపోయాడు. ఊరంతా దుఃఖించిందట. సుల్తాను కంటతడి పెట్టాడట. వజీరు పదవి ఆయన కొడుకు జౌనా షాకు వచ్చింది. ముల్తాన్‌లో పుట్టిన ఈ కొడుక్కి కట్టడాల పిచ్చి. ఢిల్లీలో ఇవాళ్టికీ నిలిచి ఉన్న ఖిడ్కీ మసీదు, తుర్క్‌మాన్ గేటు దగ్గరి కలాన్ మసీదు ఆయన కట్టించినవే. తండ్రి సమాధి కూడా. ఢిల్లీలో ఎనిమిది మూలల సమాధి కట్టడం దానితోనే మొదలు. తరవాత సయ్యద్, లోడీ సుల్తానుల సమాధులు, ససారాంలో షేర్ షా సమాధి ఆ పోలికనే పట్టుకున్నాయి.

ఈ జౌనా షా కాలంలోనే 1379లో మౌలానా దావూద్ అనే కవి చందాయన్ అనే కావ్యం రాసి అందులో ఆయన్ను పొగిడాడు. హిందీ భాషకు దగ్గరైన మాటల్లో వచ్చిన తొలి సూఫీ ప్రేమకావ్యంగా దాన్ని చెప్తారు. అందులో నాయిక చందా. చిన్నప్పుడే పెళ్లయి, మొగుడి నిరాదరణ భరించలేక పుట్టింటికి వచ్చేస్తుంది. లోరిక్ అనే వీరుణ్ణి ప్రేమించి, అతనితో ఊరు దాటిపోతుంది. లోరిక్ పెళ్లాం మైనా ఇంట్లో ఏడుస్తూ కూర్చుంటుంది. తండ్రికి అంకితమైన పుస్తకంలో చంద్రమతి, కొడుకును పొగిడిన పుస్తకంలో చందా, మైనా!

జౌనా షా చివరి రోజులు బాగా గడవలేదు. 1387లో సుల్తాను కొడుకుతో వైరం ముదిరి, పారిపోయి, పట్టుబడి, చంపబడ్డాడు. మరుసటి ఏడు ఫిరోజ్ షా కూడా పోయాడు. ఆయన పోగు చేసిన బానిసలు గద్దె గొడవల్లో చెరోవైపు చేరారు. బిడ్డల్లా పెంచారని అఫీఫ్ చెప్పిన ఆ బానిసల్లో ఎంతోమంది తలలు నరికి దర్బారు ముందు వేలాడదీశారని రాసింది కూడా అఫీఫే.

నిజాముద్దీన్ బస్తీలో ఆ సమాధి చుట్టూ రానురానూ ఇళ్లు లేచాయి. దాని గోడల మధ్యే కాపురాలు పెట్టి కొన్ని కుటుంబాలు తరాలపాటు బతికాయి. వరండా కమానుల మధ్య గోడలు కట్టి గదులు చేసుకున్నారు. ఎప్పుడైనా ఢిల్లీ వెళ్తే దర్గా చూసుకుని, అక్కడివాళ్లను తిలంగాణీ సమాధి ఎక్కడని అడగండి. ఎర్రరాయి, తెల్లపాలరాయి మెరుపులు ఆశించి వెళ్లకండి. అది గచ్చుతో, గరుకు రాళ్లతో కట్టిన మొరటు కట్టడం, మా బేతంచెర్ల బండలంత నున్నగా కూడా ఉండదు.